ఏ అనుమతీ అడగని యాప్

ఉదయం తొమ్మిదింటికి లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి లోపల ఇంజినీర్ గోడకు జారగిలబడి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన ఎర్రటి చుక్క. ప్రాణం లేదు.

పదింటికి చీఫ్ గదిలో ముంగిస నిలబడ్డాడు. గూఢచారి శాఖలో అతన్ని అందరూ పిలిచే పేరు అదే. పోయిన ఇంజినీర్ అతని చెల్లెలి భర్త.

"మీ బావ విషయం..."

"పని చెప్పండి సార్."

"బయటి దేశాల్లో మన ఏజెంట్లు నూట పన్నెండు మంది. ఓ మామూలు వాతావరణ సైట్ హెడ్‌లైన్లలో ఆర్డర్లు దాచి పంపిస్తాం. పది సైట్ల వార్తలు ఒకేచోట చూపించే ఫీడ్ రీడర్ యాప్‌లో వాళ్లు చదువుకుంటారు. ఆ యాప్ ఈ రోజుతో మూతపడుతోంది. నాలుగింటికి కొత్తది అందరి ఫోన్లలోకీ వెళ్లాలి. మీ బావ మూడు కొత్త యాప్‌లని పరీక్షించాడు. ఒకటి శత్రువులదన్నాడు. అది ఏ యాపో చెప్పకుండానే పోయాడు."

ఇంజినీర్ గదిలో అతని డిప్యూటీ ఎదురైంది. ఖరీదైన సెంటు, చూపు తిప్పుకోనివ్వని అందం. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

"మొదటిది కాంటాక్టులు, కెమెరా, లొకేషన్ అన్నీ అడుగుతుంది. రెండోది నిండా ప్రకటనలే. మూడోది చూడండి, అకౌంట్ వద్దు, పర్మిషన్లు వద్దు. ఆయనకీ అదే చాలా నచ్చింది."

ముంగిస తలూపాడు. చొక్కా కొనడానికి మూడు షాపులు తిరిగి, చివరికి పాత చొక్కాతోనే ఇంటికొచ్చే మనిషి బావ. ఆయనకి ఏదైనా 'చాలా' నచ్చడం అతను ఎన్నడూ చూడలేదు.

ఆమెకి తెలియకుండా మూడు ఉత్తుత్తి న్యూస్ సైట్లు తయారుచేయించి, ఒక్కో యాప్‌లో ఒక్కోటి చేర్చాడు. ఒక్కో సైట్‌లో ఒక్కో రహస్య సమావేశం, ఒక్కో కోడ్‌వర్డ్. లైబ్రరీలో, లాండ్రీలో, కళ్లద్దాల షాపులో. టైం మాత్రం ఒకటే, రెండున్నర. ఏ చోటికి శత్రువు వస్తే ఆ యాప్ మన గుట్టు వాళ్లకి చేరవేస్తున్నట్టే.

లైబ్రరీకీ లాండ్రీకీ మనుషుల్ని పంపి, తను పెట్టుడు మీసంతో కళ్లద్దాల షాపు కౌంటర్ వెనక నిలబడ్డాడు.

సరిగ్గా రెండున్నరకి ఇద్దరు వచ్చారు. పొడుగాటివాడు వంగి గొంతు తగ్గించాడు.

"నత్త కొమ్ములు విరిగాయి."

మూడో యాప్‌లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేని కోడ్‌వర్డ్ అది. మరుక్షణం షాపులోని 'కస్టమర్లు' వాళ్లిద్దర్నీ పట్టుకున్నారు.

ముంగిస కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. పరుగున వచ్చేసరికి స్టీల్ తలుపు మూసి ఉంది. డిప్యూటీ నాలుగింటిదాకా ఆగకుండా మూడో యాప్‌ని సర్వర్‌లోకి ఎక్కిస్తోంది. అద్దంలోంచి తెర కనిపిస్తోంది: తొంభై ఆరు శాతం.

"తలుపు తియ్!"

"ఇంకో నిమిషం ఆగండి. ఏం తొందర?" లోపలి నుంచి నవ్వింది.

తొంభై ఎనిమిది. అది నిండితే యాప్ అందరి ఫోన్లలోకీ వెళ్లి, నూట పన్నెండు మంది ఎక్కడున్నారో శత్రువులకి తెలిసిపోతుంది. ముంగిస కారిడార్ చివరికి దూకి మెయిన్ స్విచ్ కిందికి లాగాడు.

తొంభై తొమ్మిది దగ్గర తెర ఆరిపోయింది. కరెంటు తాళం టక్కుమని ఊడింది. తలుపు తోసుకు వెళ్లగానే ఆమె పెన్ను ఎత్తి మీదకొచ్చింది. పాళీ బదులు సూది. మణికట్టు ఒడిసి పట్టాడు.

"దీంతోనేనా మా బావని?"

"ఆయన మొదటిదే కావాలని పట్టుబట్టాడు. అడిగిన పర్మిషన్లన్నీ కాదన్నా అది పనిచేస్తుందట. నలభై పేజీల షరతులు కూర్చుని చదివాడు! అలాంటివాణ్ని ఏం చేయమంటారు?"

ముంగిస పెన్ను లాక్కున్నాడు. ఆమెకి బేడీలు వేశాడు.

నాలుగింటికి అందరికీ పంపిన మొదటి యాప్‌ని అయిదింటికి చీఫ్ తన ఫోన్లోనూ తెరిచాడు. షరతుల పేజీ రాగానే, ఒక్క ముక్క చదవకుండా 'అంగీకరిస్తున్నాను' మీదకి వేలు పోనిచ్చాడు.

ఆ రోజు ముంగిస పట్టుకున్న ఆఖరి చెయ్యి అదే.