ఆల్టరు గుడ్డ మీద మరక

మా అమ్మ ఇస్త్రీ చేసిన ఆల్టరు గుడ్డ మీద ఈగ వాలితే, కాలు జారి నడుం విరగ్గొట్టుకోవాల్సిందే! మా లూథరన్ సంఘంలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసే పని ఇరవై రెండేళ్లుగా అమ్మదే. అన్నేళ్లలో దానిమీద ఒక్క మచ్చ పడలేదు. పడదు కూడా. కావాలంటే రాసిస్తాను.

సరిగ్గా ఆ శనివారం మధ్యాహ్నమే వెనకగదిలోంచి అమ్మ కేక వినిపించింది. గుడ్డ నట్టనడుమ, ఇస్త్రీపెట్టె ఆకారంలో, గోధుమరంగు మరక!

అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముందుగదిలో ఒకావిడకి గౌను కొలతలు చూసి, అరగంటకి తిరిగొచ్చింది. అంతే. "స్విచ్చి ఆపే వెళ్లాను కదా... ఆపలేదా? నాకేం గుర్తు లేదేమిటి దేవుడా!" అంటూ గోడకి చేరగిలబడిపోయింది.

"పోయినవారం పాలు పొంగబెట్టావు. మొన్న తాళంచెవి తలుపుకే వదిలేశావు. ఇక రేపో మాపో నన్నే ఎవరని అడుగుతావు కోడలా!" అంది నానమ్మ. ఆవిడ ఓదార్పు అలాగే ఉంటుంది. విన్నవాళ్లు కోలుకోవడానికి వారం పడుతుంది.

అమ్మ మొహం పాలిపోయింది. అమ్మమ్మ చివరి రోజుల్లో కన్నకూతుర్నే గుర్తుపట్టలేదు... అదీ ఇలాంటి చిన్నచిన్న మరుపులతోనే మొదలైందట!

నేనే ధైర్యం చెప్పాను. "కరెంటు ఎక్కువ తక్కువలు అయ్యుంటాయమ్మా. ఈమధ్య ఇస్త్రీపెట్టెలకి బొత్తిగా దైవభక్తి లేదు" అన్నాను. అమ్మ నవ్వలేదు.

సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. అమ్మ తలెత్తకుండా గుడ్డ ఆయన చేతుల్లో పెట్టింది. "ఈ పని ఇంకెవరికైనా అప్పగించండి అయ్యగారూ. రేపు ప్రభుభోజన సంస్కారానికి కూడా రాలేను... ఏ మొహంతో రాను?"

"మచ్చ లేనివాళ్ల కోసమే ఆ బల్ల అయితే, అక్కడ నిలబడి వడ్డించే అర్హత నాకే లేదమ్మా. గుడ్డ కాలిందని క్రీస్తు బల్ల ఎత్తేస్తాడా?" అన్నారాయన. అమ్మకి ఆ మాట చెవికెక్కలేదు. చీరకొంగు వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది.

ఆదివారం పొద్దున్న, తను రాకపోయినా నన్నైనా పంపాలని జడ వేయడానికి కూర్చుంది. నాకు పంతొమ్మిదేళ్లొచ్చినా నా తల అమ్మ చేతికే లొంగుతుంది. రెండుసార్లు దువ్వింది. మూడోసారి దువ్వెన ఆగింది.

"ఏమిటే ఇది?"

"చుండ్రు."

"చుండ్రుకి కాలిన వాసనొస్తుందా?"

దువ్వెనలో కొసలు కమిలి ముడుచుకుపోయిన వెంట్రుకలు... నా నోట్లో అబద్ధాలన్నీ ఒక్కసారిగా అయిపోయాయి!

"నువ్వు స్విచ్చి ఆపే వెళ్లావమ్మా. మళ్లీ వేసింది నేను. జుట్టు తిన్నగా చేసుకుందామని గుడ్డ మీద పరిచి ఇస్త్రీ చేశాను... చుర్రుమనేసరికి భయమేసి, పెట్టె అలాగే బోర్లా వదిలేసి పరిగెత్తాను."

దెబ్బ కోసం కళ్లు మూసుకున్నాను. పడలేదు.

"అయితే... నాకు మతి పోవడం లేదా?" అంది అమ్మ. ఎంత మెల్లగా అడిగిందో!

సిగ్గంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అమ్మ నిన్నటినుంచి మోస్తున్న ఆ భయాన్ని ఒక్కమాటతో దించగలిగుండీ, నేను కూర్చుని జోకులేశాను!

అమ్మ కళ్లు తుడుచుకుని జడ ముడి బిగించింది. "లే. ఇద్దరం వెళ్దాం."

"నేనా? ఈ మొహంతోనా?"

"నిన్న నేనూ అదే అన్నాను కదే... మనిద్దరికీ ఇంకో మొహం ఎక్కడుంది?"

చర్చిలో అదే గుడ్డ పరిచి ఉంది. మరక దాచడానికి దానిమీద ఎవరూ ఏమీ పెట్టలేదు. అమ్మ పక్కనే మోకరించాను. పాస్టరుగారు రొట్టె అందిస్తూ, "నీ కొరకు" అన్నారు. నా చెయ్యి లేవలేదు.

"అయ్యగారూ, అది కాల్చింది అమ్మ కాదు, నేను. తనకి మతి పోతోందని అమ్మ వణికిపోతుంటే... చూస్తూ ఊరుకుంది కూడా నేనే" అన్నాను.

చాచిన చెయ్యి ఆయన వెనక్కి తీసుకోలేదు.