మూడో పిలుపు

రంగూన్లో సేక్కాన్ రేవు పక్కన ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళ ఐస్ రింకు ఉంది. రాత్రి పది దాటాక ఆ ఛాయలకి ఎవరూ వెళ్ళరు. వెళ్ళినవాళ్ళకి ఒక పిలుపు వినిపిస్తుందట. మగ గొంతు. ఒకే ఒక్కసారి. ఎవరు వెళ్ళినా పిలిచే పేరు మాత్రం ఒకటే— "దండాసీ…"

ఆ పేరున్నవాడు ఆ యూనివర్సిటీ మొత్తంలో లేడు. ఎవరు పిలుస్తున్నారో, ఎవరి కోసం పిలుస్తున్నారో తెలియక, రాత్రి డ్యూటీకి కుదిరిన ముగ్గురు బర్మా వాళ్ళు వరసగా మానేశారు. మూడోవాడు చెప్పులు కూడా అక్కడే వదిలేసి పోయాడు.

నాలుగోవాడిగా చేరినవాడి పేరు దండాసి.

వినేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ, వాడికి ఏడుపొచ్చింది. మింగళాడోన్ పోయే సిటీ బస్సులో కండక్టరుగా హాయిగా ఉన్నవాడు. అక్క సూర్యావతి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కాదనలేకపోయాడు. అక్క మొగుడు లింగరాజు ఆ రింకులో మోటార్లు చూసే మనిషి. అక్కకి ఏడో నెల.

"అందరూ పారిపోనారు. మీ బావ ఒక్కడే ఉంటన్నాడక్కడ," అంది అక్క. "ఏదైనా అయితే కేకేస్తే పలికే నాథుడు లేడు. ఆయన్ని ఒంటరిగా ఒగ్గీకురా."

అలా చేరాడు. చేరిన రోజు నుంచీ వాడికి ఉన్నది ఒకటే పని— బావని క్షేమంగా తెల్లారేదాకా కాచుకోవడం.

అసలు ఎండలు మండిపోయే రంగూన్లో, రోజుకి సగంపూట కరెంటే ఉండని ఊళ్ళో, ఐస్ గచ్చు ఏమిటి అంటారా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పిల్లలు కాళ్ళకి కత్తులు కట్టుకుని జారతారన్నారు, హాకీ ఆడతారన్నారు. రెండేళ్ళు ఆడారు కూడా. తరవాత ఐసు మీద చెక్కలు పరిచి పట్టాలిచ్చే పండగ చేశారు, పరీక్షలు పెట్టారు. కరోనా ఏడాది ఐసు కరగబెట్టి, ఆ సిమెంటు గచ్చు మీద మంచాలు వేశారు. ఇప్పుడు మళ్ళీ శనివారాలు పిల్లలు జారుతున్నారు.

కానీ ఆ చోటుకి ఐసు కొత్త కాదు. డెబ్బై ఏళ్ళ కిందట అక్కడ ఉన్నది ఐసు ఫ్యాక్టరీ. చేపల పడవలకి దిమ్మలు మోసిన కూలీలంతా మన శ్రీకాకుళం, గంజాం వాళ్ళే. వాళ్ళలో ఒకడు దండాసి తాత. ఆయన పేరూ దండాసే. తాత పేరే మనవడికి పెట్టారు.

ఒక రాత్రి ఏడుకొండలు అనే కూలీ ఐసు గదికి తాళం వెయ్యడానికి ఒక్కడూ వెళ్ళాడు. పక్క రేకుల షెడ్డులో మిగతావాళ్ళు పడుకున్నారు. కాసేపటికి ఒక పిలుపు వినబడింది— "దండాసీ…" అని, ఒక్కసారి. తాత లేచి కూర్చున్నాడు. పక్కవాళ్ళు చెయ్యి పట్టి ఆపేశారు. మనవాళ్ళకి తెలియందేముంది— రాత్రిపూట మనిషి అయితే మూడుసార్లు పిలుస్తాడు. ఒక్కసారి పిలిచేది దెయ్యం. పలికితే వెంట వస్తుంది.

తాత పలకలేదు. తెల్లారి చూస్తే, జారిపడ్డ ఐసు దిమ్మల కింద ఏడుకొండలు గడ్డకట్టిపోయి ఉన్నాడు. రెండోసారి పిలవడానికి ఊపిరి చాలలేదు పాపం.

ఆనాటి నుంచి రేవు కూలీలు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. రాత్రి పనిలో ఎవర్ని పిలిచినా ఒక్క గుక్కలో మూడుసార్లు పిలవాలి. లింగరాజు కూడా మొదటి రోజే చెప్పాడు: "మూడు మాట్లు పిలిత్తే నాను. ఒక్క మాటు పిలిత్తే నాను కాదు. పలక్కు. కదలకు."

పదిహేను రోజులు ఏ పిలుపూ లేకుండా గడిచాయి. అనుమానం పెనుభూతం, అంతే గదా అని దండాసి కాస్త కుదుటపడ్డాడు.

తింజాన్ నీళ్ళ పండగకి వారం ముందు. కాపలా ముసలాయన పదింటికి బయటి గేటుకి తాళం వేసి, కర్ఫ్యూకి భయపడి ఇంటికి పోయాడు. ఇక తెల్లవారుజాము నాలుగు దాకా లోపల ఇద్దరే. దండాసి ఐసు మీద పడ్డ గీతలు గీకేసి, పైన వేడినీళ్ళు చిమ్మాడు. వేడినీళ్ళు పోస్తేనే ఐసు నునుపుగా పడుతుంది— అదో వింత.

పదకొండున్నరకి కరెంటు పోయింది.

కంప్రెసర్ ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ హోరుకి అలవాటు పడ్డ చెవులకి ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం…

"జనరేటర్ కి మార్చి వత్తాను," అన్నాడు లింగరాజు. "కింద ఐసుని సల్లబరిసే ఉప్పునీళ్ళ గొట్టం కట్టీకపోతే పొర్లిపోద్ది. అయిదు నిమిషాలు."

టార్చి పట్టుకుని గ్యాలరీ కింద ఇనప నిచ్చెన దిగిపోయాడు. నిచ్చెన మెట్ల చప్పుడు వినబడింది. తరవాత అదీ లేదు.

అయిదు నిమిషాలు అయింది. జనరేటర్ మోగలేదు.

ఎక్కడో కింద దభీమని ఒక చప్పుడు. ఇనుము మీద ఇనుము పడ్డట్టు. దండాసి జేబులోంచి ఫోను తీసి బావకి కొట్టాడు. పక్క బెంచీ మీద బావ ఫోను వెలిగి మోగింది— చార్జింగుకని పెట్టి మరిచిపోయాడు.

అప్పుడు వినబడింది.

"దండాసీ…"

సన్నగా. కింద నుంచి. ఒక్కసారే.

దండాసి నోరు తెరవబోయి, తనే చేత్తో మూసుకున్నాడు. రెండో పిలుపు కోసం చెవులు రిక్కించాడు. లేదు… లేదు… బావ అయితే మూడూ ఒక్క గుక్కలో పిలిచేవాడు. ఇది బావ కాదు. ఇది అదే. తాతని పిలిచిందీ, చెప్పులు వదిలేసి పోయినవాణ్ణి పిలిచిందీ ఇదే.

"నాను కాదు, పలక్కు, కదలకు," అని బావే చెప్పాడు గదా.

కానీ బావ ఎందుకు రాలేదు?

వెళ్దామని ఒక అడుగు వేశాడు. నిచ్చెన దగ్గర నల్లటి బొరియ. అందులోకి టార్చి వేస్తే మెట్లు తప్ప ఏమీ కనబడలేదు. అక్క ముఖం గుర్తొచ్చింది. ఆ వెంటనే నాయనమ్మ మాట గుర్తొచ్చింది— పలికితే ఇంటిదాకా వస్తుంది. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి. దండాసికి సిగ్గూ భయమూ కలిసి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నిలబడ్డాడు. ఒక నిమిషం… రెండు నిమిషాలు…

"దండాసీ."

ఈసారి కింద నుంచి కాదు. వెనకనుంచి. నున్నగా పరిచిన ఐసు నడిమధ్య నుంచి.

గిర్రున తిరిగి టార్చి వేశాడు. ఐసు మీద ఎవరూ లేరు. రెండోసారి పిలిచిందని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదే… అది ఒక్కసారే గదా పిలిచేది…

వెనక్కి వెనక్కి నడిచి గోడకి ఆనుకున్నాడు. గోడ చల్లగా తగిలింది. ఆ గోడకీ వాడి చెవికీ మధ్య—

"దండాసీ!"

మూడు!

ఏ పిలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించే తెలివి అప్పుడు లేదు. లెక్క మాత్రం మూడు అయింది. మూడంటే మనిషి. మూడంటే బావ!

"వత్తన్నాను బావా!" అని అరుస్తూ నిచ్చెన మీద సగం దిగి, సగం దూకాడు.

కింద గోతిలో నడుంలోతు ఉప్పునీళ్ళు. గడ్డకట్టవు గానీ, ఐసు కన్నా చల్లన. విరిగిపడ్డ గొట్టం కింద కాలు ఇరుక్కుని లింగరాజు ఒక పక్కకి వాలిపోయి ఉన్నాడు. నీళ్ళు గడ్డాన్ని తాకుతున్నాయి. ఇంకో రెండు వేళ్ళ ఎత్తు పెరిగితే నోట్లోకే. దండాసి నీళ్ళలోకి దూకి, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని బలంతో గొట్టం పైకెత్తి, బావని భుజాన వేసుకుని, ఒక్కో మెట్టూ పైకి ఈడ్చుకొచ్చాడు.

తొట్టిలో మిగిలిన వేడినీళ్ళు చల్లార్చి, గోరువెచ్చగా పోశాడు. హాకీ పిల్లల కోట్లన్నీ తెచ్చి కప్పాడు. అరచేతులు, అరికాళ్ళు రుద్దాడు. చాలాసేపటికి లింగరాజు మూలిగాడు. కళ్ళు తెరిచాడు.

దండాసికి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు కోపమూ వచ్చింది.

"ఏటి బావా ఇది? గంటకొక మాటు పిలుత్తావేటి? మూడూ ఒక్క గుక్కలో పిలవాలని నువ్వే గదా సెప్పినావు! నువ్వో, అదో తెలీక సచ్చినాను. మూడోది ఇనపడకపోతే నాను దిగీవోణ్ణే కాదు!"

లింగరాజు పళ్ళు టకటకలాడుతున్నాయి.

"మూడోదేటిరా?"

"మూడు మాట్లు పిలిసినావు గదా! కింద నుంచి ఒకటి, ఐసు మీంచి ఒకటి, నా సెవి కాడ…"

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

"నాను పిలిసింది ఒక్క మాటేరా," అన్నాడు లింగరాజు, గుసగుసగా. "రెండో మాటు పిలవబోతే నోరు పెగల్లేదు. మరి నాకేటీ తెలీదు… నువ్వొచ్చి లాగిందాకా."

ఇద్దరూ ఐసు వైపు చూశారు. చీకట్లో తెల్లగా, ఎవరూ అడుగు పెట్టకుండా ఉంది.

దండాసి లేచాడు. లింగరాజు భయంతో వాడి లుంగీ అంచు పట్టుకున్నాడు. "ఒద్దురా… పలక్కు…"

వాడికీ భయంగానే ఉంది. అయినా బావ వేళ్ళు మెల్లగా విడిపించుకుని, ఐసు చుట్టూ ఉన్న కటకటాల దాకా నడిచి వెళ్ళాడు. ఆనాడు తాత పలకలేకపోయిన ఏడుకొండలుకి రెండు చేతులూ జోడించాడు. గొంతు సవరించుకుని, ఆ ఐసు మొత్తానికీ వినబడేలా—

"ఓయ్!" అని పలికాడు.