సినోపే కూజా పిలిచిన దిబ్బ

“దిబ్బ ఏడుత్తంది తల్లీ. అమ్మా అని పిలుత్తంది.”

పలాసలో రజని ఆఫీసు గడప మీదే కూలబడింది బొడ్డమ్మ. ఉద్దానం తీరాన చేపలమ్ముకునే మనిషి. తుఫానులో పోయిన కొడుకు నాగరాజు శవం ఒడ్డుకు కొట్టుకొస్తే ఊరి వెనక ఇసుకదిబ్బలో పూడ్చుకుంది. ఇప్పుడా దిబ్బలో పాతకాలపు కూజా ఒకటి బయటపడింది. ఆనాటి నుంచి పొద్దు వాలితే ఏడుపు. సగం ఊరు మూటలు సర్దుకుని చుట్టాలిళ్లకు పోయింది.

“ఊరు కాళీ అయితే ఆ రొయ్యల కామందు యువరాజు బుల్డోజరెట్టి దిబ్బ తవ్వేత్తాడు. రొయ్యల సెరువులంట. నా గుంటడు దాని కిందున్నాడమ్మా!”

రజని ప్రైవేటు డిటెక్టివ్. మాట తక్కువ, చూపు ఎక్కువ. సహాయకుడు ధనుంజయ్‌కి ఆవిడంటే గురి, దెయ్యాలంటే హడల్. రెండూ మోసుకుంటూనే బండి తీశాడు.

దిబ్బ మీద, ఇసుకలోంచి సగం తేలి ఒరిగి ఉన్న కూజాకు కాపలాగా, టెక్కలిలో చరిత్ర చెప్పి రిటైరైన లోకనాథం మాస్టారున్నాడు. నల్లసముద్రం ఒడ్డుకు గ్రీకులు వలసపోయి కట్టుకున్న సినోపే పట్టణమంటే ఆయనకు ప్రాణం.

“చూడమ్మా, అడుగు కోసుగా ఉంది. సినోపే వాళ్లు ద్రాక్షసారా ఓడలకెత్తింది ఇలాంటి కూజాల్లోనే. మట్టిలో నల్లిసుక పలుకులు ఆ ఊరి గుర్తు. కారకుండా లోపల పైన్‌చెట్టు బంక పూసేవారు. ఇదిగో, ఆ నల్లపూత!” మెత్తటి అరచేత్తో కూజాను నిమిరాడు.

“ఇలాంటి కూజా బొమ్మ ఇంతకుముందు ఊళ్లో ఎవరికైనా చూపించారా?”

“ఇంటింటికీ! ఒక్కటి దొరికితే చాలు, సర్కారు ఇక్కడ పార కూడా పడనివ్వదని చెప్పాను.”

రజని కూజాలో వేలు పెట్టి పూత గీకి చూసింది. దిబ్బ పక్కనే తెచ్చి నిలిపిన బుల్డోజరు నీడలోంచి యువరాజు నవ్వాడు.

“దెయ్యాలే నా పని సేసి పెడతన్నాయి మేడమ్!”

కూజా దొరికింది అసిరయ్యకు. బొడ్డమ్మ మరిది. చేతులకు ఆముదం రాసుకుని, బోర్లించిన నావ అడుగుకు నల్లనూనె పూస్తున్నాడు. “కాలికి తగిలింది,” అన్నాడు తలెత్తకుండా.

పొద్దు వాలింది. సముద్రం మీంచి గాలి లేచింది. దిబ్బ లోపలినుంచి సన్నగా, సాగదీస్తూ, “అ…మ్మా” అన్నట్టు వినిపించింది. ధనుంజయ్ బండి తాళం కోసం జేబు తడుముకున్నాడు. బొడ్డమ్మ చెవులు మూసుకుంది.

మర్నాడు పొద్దున్న రజని వేలు పొక్కింది. దాన్ని చూసుకుని తృప్తిగా నవ్వుకుంది. వెళ్లిపోయినవాళ్లతో సహా అందర్నీ దిబ్బ దగ్గరికి పిలిపించి వేలు చూపించింది.

“ఇది బంక కాదు, జీడిపిక్కల నూనె. పలాసలో జీడి ఒలిచే ఆడాళ్లనడగండి, ఎలా కాలుస్తుందో. గ్రీకుల నాటికి ఈ దేశంలో జీడిచెట్టే లేదు. తర్వాతెప్పుడో పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. నల్లిసుకంటారా, మన కాళ్ల కిందే ఉంది.”

“అంటే దొంగకుండా?” మాస్టారు కూజా మీంచి చెయ్యి తీసేశాడు.

“ఎవరు చేశారు? యువరాజు కాదు. తవ్వాలనుకునేవాడు పార పడనివ్వని కుండ పెట్టుకోడు. మాస్టారూ కాదు. ఈ నూనె ముట్టే ముందు ఆముదం రాసుకోవాలని తెలీని ఆ చేతులు ఈపాటికి బొబ్బలెక్కాలి. నల్లపూత అనగానే నావకు పూసే ఈ నూనే గుర్తొచ్చినవాడు చేశాడు. కూజా దొరికిందీ అతనికే.”

అసిరయ్య బొడ్డమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

“నానే వదినా. బొమ్మ సూసి మందస కుమ్మరి సేత సేయించినాను. మన సావులకి ఎవుడూ కంచె ఎయ్యడు. గ్రీకోడి కుండకైతే ఏత్తారు. అది ఏడుత్తాదని నాకేటి తెలుసు?”

“మూతి సముద్రం వైపు పెట్టావు. ఏడ్చింది గాలి,” అంటూ రజని కూజా మూతిలో గుడ్డ కుక్కింది.

“ఇంకేటి, బండి తియ్యండ్రా!” అన్నాడు యువరాజు.

ఊరొదిలి పారిపోయి తిరిగొచ్చినవాళ్లలో కాంతమ్మ బుల్డోజరుకు ఎదురుగా చతికిలబడింది.

“దెయ్యమని పారిపోనాం గానీ, నీకు బయపడతామేట్రా?”

ఆమె పక్కన ఇంకొకరు. ఆ వెనక ఊరంతా. ఇంజను కాసేపు గురగురలాడి ఆగిపోయింది.

సాయంత్రం గాలి లేచింది. దిబ్బ పలకలేదు. బుల్డోజరు ముందునుంచి ఎవరూ కదల్లేదు. బొడ్డమ్మ మాత్రం కూర్చోలేక, నిలబడలేక ధనుంజయ్ దగ్గరికి వచ్చింది.

“ఆ గుడ్డ తీసీ నాయినా.”

“ఒట్టి గాలేనమ్మా అది.”

“తెలుసు. తియ్యి.”

తీశాడు. దిబ్బ పిలిచింది.

“ఓయ్,” అని పలికింది బొడ్డమ్మ.