పళ్ళు నూరే కార్ఖానా

మూతబడిన ఆ గాజు కార్ఖానాకి చెడ్డపేరు కొన్ని నెలలుగా ఉంది. చీకటి పడితే లోపల ఎవరో పళ్ళు నూరుతారట. కర్... ర్... ర్... అని మొదలై, కాసేపు ఆగి, మళ్ళీ వినబడుతుందట. కొలిమిలో పడి పోయినవాడని కొందరు, మేస్త్రీ తిట్టాడని ఉరేసుకున్నవాడని కొందరు — ఎవరికి తోచిన శవాన్ని వాళ్ళు అక్కడ పడుకోబెట్టారు.

ఆ కార్ఖానాలో నిజంగా పనిచేసిన ఒకావిడ మనవరాలికి మాత్రం ఈ కథలు వింటే ఒళ్ళు మండేది.

నోటితో ఊది చేసిన పాత సీసాలు వెతికి పట్టుకోవడం ఆమె పని. చేసినవాళ్ళ పేరు ఎవరికీ తెలియనివైతే మరీ ఇష్టం. మూతి దిద్దేటప్పుడు సీసా అడుగుని ఇనుప కడ్డీకి అంటిస్తారు. పనయ్యాక విరిస్తే అక్కడ గరుకు మచ్చ మిగులుతుంది. ఎవరి విరుపు వాళ్ళది. అమ్మమ్మ విరిస్తే మచ్చ నెలవంకలా పడేది. అలాంటివి అలమార నిండా పోగేసింది ఆమె.

అవి అమ్మమ్మ ఊదినవంటే యజమాని కొడుకు ఒప్పుకోలేదు. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడుతుంటుందని ఆయన్ని అందరూ భూతద్దం గారనే అంటారు. ఏ సీసా ఎవరు చేశారో ఆయన చెప్పిందే వేదం. త్వరలో జరగబోయే ఎగ్జిబిషన్ కోసం ఆ కార్ఖానా సీసాలన్నిటికీ వాళ్ళ నాన్న పేరుతోనే చీటీలు కట్టించాడు.

"మీ అమ్మమ్మ సీసాలు తుడిచిందమ్మా. ఊదలేదు. మచ్చలు ఏం చెబుతాయి?"

"ఊదింది సార్. తుడిచింది మీరే, ఆవిడ పేరుని."

తెల్లారితే కార్ఖానా కూల్చేస్తారు. గోదాంలో ఇంకా బయటికి రాని సీసాలున్నాయి. అవి చెత్తలో కలిస్తే అమ్మమ్మ పేరూ వాటితోనే పోతుంది. అందుకే ఆ రాత్రి వెళ్ళింది.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దమ్మా... మొదలైంది. విను."

విన్నది. కర్... ర్... ర్...

అబద్ధమెందుకు, కాళ్ళు వెనక్కే లాగాయి.

"దెయ్యమైతే మా అమ్మమ్మే అయ్యుంటుంది తాతా," అని గొణిగింది. "కనబడితే అన్నం తిన్నావా అని అడుగుతుంది. గేటు తియ్యి."

లోపల చల్లారిన కొలిమి. కాలు వేస్తే గాజు పెంకులు కరకరలాడుతున్నాయి. ఆ చప్పుడుకి పళ్ళు నూరడం ఆగింది...

ఆమె ఊపిరి బిగబట్టి నిలబడింది.

మళ్ళీ మొదలైంది. ఇప్పుడు దగ్గరగా... గోదాం తలుపు వెనకే. చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్న చప్పుడు కూడా. తలుపు కింద సన్నటి వెలుగు.

తలుపు తోసింది.

ముఖమంతా తెల్లగా... కనుబొమ్మలే లేనట్టుగా... రొమ్ము మీద ఒకే ఒక గుండ్రటి కన్ను తళుక్కుమంది —

అది భూతద్దం. దాని పైనున్నది ఆయన ముఖమే, సానరాయి చిమ్మిన తెల్లటి బురదతో.

కాలితో సానరాయి తిప్పుతూ, చేతిలో సీసా బోర్లించి పట్టుకున్నాడు. అడుగున నెలవంక సగం అరిగిపోయింది. పక్కన బల్ల మీద అడుగులు నున్నబడిన సీసాలు వరసగా ఉన్నాయి. తాతకి తెలియకుండా ఆయన వచ్చిన దొడ్డి తలుపు వెనక తెరిచే ఉంది.

"మచ్చలు ఏం చెబుతాయన్నారుగా సార్. మరి చెరపడమెందుకు?"

"చెరిపేశాను," అన్నాడాయన మెల్లగా. "ఇక ఈ కార్ఖానా సరుకులో ఆ మచ్చే లేదు. నీ అలమారలోవి ఎక్కడివో ఏమో... ఎవరు నమ్ముతారు?"

ఆమెకి ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు. నున్నబడిన సీసా ఒకటి తీసి దీపానికి అడ్డంగా ఎత్తింది.

గరుకు పోయిన అడుగు అద్దంలా ఉంది. అందులోంచి చూస్తే... మందపాటి గాజు లోపల ఆవగింజల్లాంటి బుడగలు. ఒకే వరసలో మూడు.

ఇంకోటి ఎత్తింది. మూడు. ఆ పక్కది... మూడే.

"అమ్మ పుట్టినప్పుడు అమ్మమ్మ ఓ గ్లాసు ఊది, తన పేరు గీసింది సార్. అది మా ఇంట్లోనే ఉంది. పైనుంచి చూస్తే దాని అడుగునా ఇవే మూడు బుడగలు." సీసా ఆయన ముందుకి చాపింది. "సీసాల మూతులు సన్నం, అడుగులు గరుకు. అందుకే ఇన్నాళ్ళూ నాక్కూడా కనబడలేదు. సాన పట్టి మీరే చూపించారు."

ఆయన భూతద్దం ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు, సీసా కోసం.

ఆమె దాన్ని సంచిలో వేసుకుంది.

"ఇవి గాజు లోపలున్నాయి. చెరపాలంటే సీసా మొత్తం అరగదియ్యాలి. కానివ్వండి, నేనిక్కడే కూర్చుంటాను."

సానరాయి కదల్లేదు.

ఆమె గుమ్మంలోకి వచ్చి గేటు వైపు కేకేసింది.

"తాతా, లైటు పట్టుకుని రా. భయపడకు, చదువుకున్న దెయ్యమే. తెల్లారేలోగా చీటీల మీద పేర్లు మార్చి రాస్తుంది."