పంపు గది దగ్గర గొంతు పట్టేది

పాత పంపు గది దాటాక దారి పల్లంలోకి దిగుతుంది చూడండి, గొంతు పట్టేది అక్కడే ఉండేదట. తాతల కాలం నాటి దెయ్యమేమీ కాదు, దానికి పట్టుమని ఏడాది కూడా నిండలేదు. మొదట ఒక తాగుబోతు గొంతు నొక్కి వదిలేసిందట. పాలవాణ్ణి మాత్రం వదల్లేదు. తెల్లారేసరికి సైకిల్ ఒకచోట, మనిషి ఒకచోట... మెడ చుట్టూ తెగిన గీత.

వెల్డర్ ఇవన్నీ కొట్టిపారేసేవాడు. సెలవు రోజుల్లో అతనూ, బావమరిదీ, రిటైరైన నర్సమ్మా ఒక జట్టు. కుందేళ్ల కోసం, జింకల కోసం దొంగవేటగాళ్లు పొదల్లో పెట్టే తీగ ఉచ్చులు ఏరడం వాళ్ల పని. జీతం లేదు, భత్యం లేదు. అలాంటి జట్లు ఆరున్నాయి; ఎవరెక్కువ ఉచ్చులు తెస్తారన్నదే వాటి మధ్య పోటీ. ఒకే తీగను రెండు ముక్కలు చేసి రెండని చెప్పేవాళ్ల తిక్క కుదర్చడానికి వెల్డరే రూలు పెట్టాడు — ఉచ్చు ఉచ్చులాగే ఉండాలి, కత్తిరిస్తే లెక్కలోకి రాదు. వారం వారం అతని జట్టుదే పైచేయి. ఆ మురిపెం అతనికి బాగానే ఉండేది.

ఆ రోజు చీకటి పడిపోయింది.

"నే ముందు పోతున్నా బావా, అక్క తిడుతుంది" అంటూ బావమరిది సైకిలెక్కాడు.

పల్లంలోకి దిగాడో లేదో — సైకిల్ పడిన చప్పుడు. వెంటనే ఒక కేక... సగంలోనే తెగిపోయింది.

వెల్డర్ పొదలు నరికే కత్తితో పరిగెత్తాడు. బావమరిది గిలగిల కొట్టుకుంటున్నాడు. మోకాళ్లు నేలకు ఆనడం లేదు, పాదాలు నిలవడం లేదు. చుట్టూ చూస్తే ఎవరూ లేరు! నడుం పట్టి లాగాడు. అది ఇంకా బిగించింది.

"వదులు! నన్ను తీసుకుపో... వాణ్ణొదులు!"

చీకట్లోకి కత్తి ఝళిపించాడు. మొదటి వేటు గాలికి పోయింది. రెండోది మెత్తగా దిగింది. ముఖం మీద వెచ్చటి నెత్తురు చిమ్మింది. దానికే తగిలిందనుకుని మళ్లీ నరికాడు. అది బావమరిది భుజం.

"ఆపవయ్యా, నువ్వే చంపేస్తావు!" నర్సమ్మ రొప్పుతూ వచ్చి అతణ్ణి నెట్టేసింది. టార్చి వేసింది. "లాగకు... పైకెత్తి పట్టుకో."

మెడ మాంసంలోకి దిగిన తీగను కటింగ్ ప్లయర్‌తో పుటుక్కున తెంపింది.

టార్చి పైకి తిప్పింది. కొమ్మకు ఉచ్చుల కట్ట. ఉచ్చులు లెక్కపెట్టి తీసుకెళ్లే బండి వారానికోసారే వస్తుందని వెల్డర్ తన చేత్తో తగిలించే కట్ట! అందులోంచి జారిన ఒక్క తీగ, ఇప్పుడు తెగి, దారి మీద ఊగుతోంది. పాలవాడు చనిపోయిన వారం తన కట్టలో ఒక ఉచ్చు తక్కువైందని తానే బండివాడితో పోట్లాడిన సంగతి వెల్డర్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

బావమరిది బతికాడు. మాట మాత్రం పోయింది.

దెయ్యాన్ని నరికేశారని తెల్లారకముందే ఊరంతా పాకింది. ఆసుపత్రి వరండాలో కూలబడ్డ వెల్డర్ ముందుకొచ్చి పాలవాడి భార్య చేతులు జోడించింది.

"మా ఆయన్ని పొట్టనబెట్టుకున్నదాన్ని చూశావటగా అన్నా... ఎలా ఉంది దాని ముఖం?"

వెల్డర్ తల ఎత్తి తన ముఖం ఆమెకేసి తిప్పాడు.

"ఇలాగే ఉంటుందమ్మా."