స్పానర్ లాక్కునే టీచరమ్మ

“ఈ పేజీ రాసిన మహానుభావుడు ఎప్పుడైనా బస్సు కింద పడుకున్నాడా?”

ఆ గొంతు బస్సు కిందనుంచే వచ్చింది. ముందు రెండు బూట్లు కనిపించాయి. చిన్న చక్రాలున్న పలక మీద జారుకుంటూ నూనె మరకల నీలం ఓవరాల్ బయటికొచ్చింది. చివరికి ఒక ముఖం. ఎడమ చెంప మీద గ్రీజు గీత. చేతిలో కాగితాలు.

డిపో వర్క్‌షాప్ గుమ్మంలో నిలబడ్డ అతను గొంతు సవరించుకున్నాడు.

“పడుకోలేదండీ.”

“మీకెలా తెలుసు?”

“రాసింది నేనే.”

ఆమె నాలుక కరుచుకుంటుందనుకున్నాడు. కరుచుకోలేదు. లేచి కూర్చుని కాగితం అతని ముందు పెట్టింది.

“చూడండి. ‘బ్రేకు బిగించే ముందు బండి కదలకుండా హ్యాండ్ బ్రేకు వెయ్యాలి’ అన్నారు. హ్యాండ్ బ్రేకు వేశాక వెనక చక్రాల్ని బ్రేకు పట్టేసుకునే ఉంటుంది కదా! పట్టుకున్న బ్రేకు ఎంత వదులుగా ఉందో ఎలా కొలుస్తారు? మూసిన తలుపు దగ్గర నిలబడి ఎంత తెరుచుకుందో కొలిచినట్టుంది.”

“మరి బండి దొర్లిపోతే?”

“చక్రాలకి ముందూ వెనకా అడ్డు దిమ్మలు పెడతాం. అప్పుడు హ్యాండ్ బ్రేకు తీసేస్తాం.”

అతను అక్కడే నేల మీద చతికిలబడి పెన్ను తీశాడు. “దిమ్మలు చెక్కవా, రబ్బరువా? రబ్బరే ఎందుకు? రెండు వైపులా ఎందుకు? హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే ఎందుకు?”

తప్పు చూపిస్తే ముఖం మాడ్చుకునేవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. ఇలా నేల మీద కూర్చుని నోట్స్ రాసుకునేవాణ్ణి చూడటం ఇదే మొదలు.

సాయంత్రానికల్లా అతనికి పేరు పడిపోయింది. ‘ఎందుకు గారు.’

ఎందుకు గారు శిక్షణ శాఖలో పాఠ్యపుస్తకాలు రాస్తాడు. అంతకు ముందు ఏడాది కుట్టుపని మీద రాశాడు, ఆ ముందు తేనెటీగల మీద. ఇప్పుడు బస్సుల వంతు. రెండేళ్ళలో ఆ డిపోలో పదకొండుమంది పాత మెకానిక్‌లు రిటైరయ్యారు. వాళ్ళతోపాటు వాళ్ళ పనితనమూ ఇంటికెళ్ళిపోయింది. బాగుచేసే చేతుల్లేక పద్నాలుగు బస్సులు యార్డులో ఎండకి ఎండుతున్నాయి. అందుకే డిపో పక్కనే ఇరవైమందితో ఒక శిక్షణ కేంద్రం పెట్టాలని మంజూరైంది. రెండు నెలల్లో పాఠ్యపుస్తకం సిద్ధం కావాలి, సర్టిఫికెట్ ఉన్న బోధకులు దొరకాలి. లేదంటే కేంద్రం వేరే డిపోకి పోతుంది.

బోధించే పని చెయ్యగలిగింది ఆ వర్క్‌షాప్‌లో ఒక్కరే. బస్సు కిందనుంచి వచ్చిన ఆమె. పొడవాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం కనిపెడుతుందని అందరూ ‘డాక్టరమ్మ’ అంటారు. అయితే డాక్టరమ్మ బోధకుల పరీక్ష రెండుసార్లు తప్పింది.

ఎందుకు తప్పిందో అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు. అతనికి ధైర్యం ఉందని కాదు, ఆత్రం ఆపుకోలేడు. అడగకుండానే నాలుగో రోజు జవాబు దొరికింది.

“ఆ నట్టు విప్పండి చూద్దాం” అందామె. అతను స్పానర్ తగిలించాడో లేదో, “అలా కాదు, ఇటివ్వండి” అని లాక్కుని తనే విప్పేసింది.

“మేడమ్, ఇది ఏడోసారి.”

“ఏది?”

“నా చేతిలోంచి స్పానర్ లాక్కోవడం. పరీక్షలో కూడా ఇలాగే చేశారా?”

పక్కన టైరు దొర్లిస్తున్న వెల్డరు టైరుని అక్కడే వదిలేసి బయటికి నడిచాడు.

ఆమె కాసేపు అతన్ని చూసింది. చూపులకి కాలే గుణముంటే అతని చొక్కా అంటుకునేది. తర్వాత ఉన్నట్టుండి దిగులుగా నవ్వింది.

“మొదటిసారి మూడు నిమిషాల్లో నేనే చేసేశాను. నేర్చుకోవాల్సినవాడు గోడకానుకుని చూశాడు. రెండోసారి రెండు నిమిషాల్లో.”

“ఇంప్రూవ్‌మెంటే.”

“నవ్వకండి. ఎదుటివాళ్ళు తప్పు తిప్పుతుంటే నా చేతులు ఊరుకోవు.”

“అయితే నా మీద ప్రాక్టీస్ చెయ్యండి. రోజూ మధ్యాహ్నం ఒక గంట. నాకంటే మొద్దు శిష్యుడు మీకు దొరకడు.”

“అది మాత్రం నిజం” అందామె, కాస్త తొందరగానే.

అలా మొదలైంది.

అతను రోజూ ఒకే బస్సులో వచ్చేవాడు. డ్రైవర్ వెనక సీటు అతనిదే. ఆ బస్సు నడిపేది యాభై దాటిన ఒకావిడ. స్టీరింగ్ పట్టుకుంటే ఎవరినీ లెక్కచేయనట్టు ఉండేది కానీ మాట మెత్తన. బండి నడిచేటప్పుడు డ్రైవర్‌తో మాట్లాడకూడదని బోర్డు ఉంది కాబట్టి ఎర్ర లైటు పడ్డప్పుడే అతను నోరు విప్పేవాడు.

“పొద్దున్నే గాలి ట్యాంకులోంచి నీళ్ళు ఎందుకు వదుల్తారండీ?”

“గాలిలో తేమ ఉంటుంది కదా బాబూ. లోపల చేరితే బ్రేకులకి మంచిది కాదు.”

ఈ ప్రశ్నల మధ్యలోనే వర్క్‌షాప్ కబుర్లూ చెప్పేశాడు. “అక్కడ ఒకావిడ ఉన్నారండీ. నా పాఠాన్ని ముక్కలు ముక్కలు చేశారు. మనిషి కాదు, రాక్షసి!”

డ్రైవరమ్మ భుజాలు కదిలేలా నవ్వింది. “అవునా!”

రెండో వారానికి రాక్షసి “కొంచెం కోపిష్టి” అయింది. నాలుగో వారానికి “చాలా తెలివైనవారండీ.” ఐదో వారం అతను అసలేమీ చెప్పకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మూడు సిగ్నళ్ళు చూసి డ్రైవరమ్మే అడిగింది.

“ఏం బాబూ, రాక్షసి బాగుందా?”

“బాగున్నారండీ” అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

దానికి కారణం ముందు రోజు వాన. వర్క్‌షాప్ రేకుల మీద ఒకటే మోత. పక్కవాళ్ళ మాట కూడా వినపడటం లేదు. ఆమె స్క్రూడ్రైవర్ అతని చేతికిచ్చి, పిడి చెవికి పెట్టుకోమని సైగ చేసింది. కొస నడుస్తున్న ఇంజిన్ పక్కనున్న డైనమో మీద ఆనించాడు. వాన మోత ఎక్కడికో పోయింది. ఇనుము లోపలి చప్పుడు సూటిగా చెవిలోకి వచ్చింది.

“ఏం వినిపిస్తోంది?” ఆమె దగ్గరికి వంగి అరిచింది.

“ఎవరో ఇసుక నములుతున్నట్టుంది!”

ఆమె అలాగే ఉండిపోయింది. జుట్టు మీద వాన తుంపర మెరుస్తోంది.

“బేరింగ్ అరిగింది” అంది చివరికి. “పదేళ్ళుగా వింటున్నానండీ ఆ చప్పుడు. ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు మాట దొరకలేదు. ఇసుక నమలడం! రాసుకోండి, రాసుకోండి.”

అతను రాసుకోలేదు. ఆమెనే చూస్తున్నాడు. ఆ గంటలో ఆమె ఒక్కసారి కూడా స్పానర్ లాక్కోలేదని ఇద్దరికీ తర్వాతెప్పుడో తట్టింది.

ఏడో వారం పుస్తకం నమూనా కాపీ వచ్చింది. అతని చేతికి కాదు, వర్క్‌షాప్‌కి. విప్పింది ఆమే.

అతను వచ్చేసరికి ఆమె బల్ల దగ్గర నిలబడి ఆఖరి పేజీ తిప్పుతోంది. అన్నీ తను చెప్పినవే. దిమ్మలు, హ్యాండ్ బ్రేకు, మూసిన తలుపు, అన్నీ తన మాటల్లోనే ఉన్నాయి. అట్ట మీద మాత్రం అతని పేరొక్కటే. లోపల ఒక మూల ‘సహకరించిన వర్క్‌షాప్ సిబ్బందికి ధన్యవాదాలు’.

“బాగుంది” అందామె. “తప్పుల్లేవు.”

“డాక్టరమ్మగారూ, అదీ...”

“గురువారం పరీక్షకి నేను వెళ్ళడం లేదు. మీ పుస్తకం అయిపోయింది కదా. ఇంక ప్రాక్టీస్ దేనికి?”

పలక మీద పడుకుని బస్సు కిందికి జారిపోయింది. ఆ రోజంతా బయటికి రాలేదు.

మర్నాడు మొదటి సిగ్నల్ దగ్గరే అతను డ్రైవరమ్మకి మొత్తం చెప్పేశాడు. ఆవిడ నవ్వలేదు.

“అదా సంగతి! పొద్దున్న టీ కూడా తాగకుండా పోయింది” అని గొణిగింది.

“ఎవరండీ?”

“ఇంకెవరు? అదే, మా...” ఆవిడ నోరు మూసుకుంది. అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి.

“మీ... ఏమవుతారండీ ఆవిడ మీకు?”

పచ్చ లైటు పడింది. బోర్డు ఉంది కాబట్టి ఆవిడ మాట్లాడలేదు. తర్వాతి సిగ్నల్ వరకూ అతనికి ఊపిరాడలేదు. రాక్షసి దగ్గర్నుంచి ‘బాగున్నారండీ’ వరకూ ఏడు వారాల మాటలన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి.

ఎర్ర లైటు.

“నేను కన్నదే” అంది డ్రైవరమ్మ తాపీగా.

“అమ్మ బాబోయ్! ఇంట్లో అన్నీ చెప్పేశారా?”

“ఒక్క ముక్క చెప్పలేదు. బస్సులో మాట బస్సులోనే. దాని మాటలు మాత్రం నీకు చెప్పానా?”

“నా గురించి ఏమైనా అంటారా?”

“చెప్పనన్నానుగా.” ఆవిడ వెనక్కి తిరిగి సూటిగా చూసింది. “నాకు చెప్పుకుంటే ఏం లాభం బాబూ? కొట్టుకుపోయింది ఎవరి పేరు? వెళ్ళి దాని ఎదురుగా నిలబడు.”

వర్క్‌షాప్‌లో అతను ఈసారి గుమ్మంలో ఆగలేదు. ఆమె ఇంజిన్ మీద వంగి ఉంది. తల ఎత్తలేదు.

“తప్పు నాదే” అన్నాడు.

“ఎందుకు చేశారు?”

ఏడు వారాల్లో ఆ ప్రశ్న ఆమె అడగడం అదే మొదటిసారి.

“ఫారంలో రచయిత పేరుకి ఒకటే గీత ఉంది. నా పేరు రాస్తే ఎవరూ ఏమీ అడగరు. మీ పేరు కూడా రాస్తే సర్టిఫికెట్ ఏదీ, అనుమతి ఏదీ అని నాలుగు టేబుళ్ళు తిప్పుతారు. తిరగడానికి బద్ధకించాను. మీకు తర్వాత చెబుదాంలే అనుకున్నాను. మోసం చెయ్యాలని కాదు. కానీ జరిగింది మోసమే.”

ఆమె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వింది.

“నిన్న ఆఫీసుకి వెళ్ళి నాలుగు టేబుళ్ళూ తిరిగాను. ప్రింటింగ్ ఆపించాను. మీకు సర్టిఫికెట్ వస్తే రెండు పేర్లు పెడతామన్నారు. రాకపోతే నా పేరు కూడా తీసెయ్యమని రాసిచ్చాను. మీరు పరీక్షకి వెళ్ళినా, వెళ్ళకపోయినా ఆ కాగితం వెనక్కి తీసుకోను.”

ఆమె గుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది.

“వెళ్తాను” అందామె. “మీ కోసం కాదు. పుస్తకం కోసమూ కాదు. యార్డులో పద్నాలుగు బండ్లున్నాయి.”

“అలాగే.”

“ఇంకా కోపంగానే ఉన్నాను.”

“అలాగేనండీ.”

గురువారం మధ్యాహ్నం పరీక్ష. అతన్ని లోపలికి రానివ్వలేదు. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. ముగ్గురు పరీక్షాధికారులు ఒక వరసలో కూర్చున్నారు. నేర్చుకోవడానికి ఎదురుగా నిలబెట్టిన కొత్త కుర్రాడు స్పానర్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. డాక్టరమ్మ రెండు చేతులూ ఓవరాల్ జేబుల్లో పెట్టుకుంది.

కుర్రాడు స్పానర్ తప్పు వైపు తిప్పాడు. ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా బయటికొచ్చింది. ఆ చెయ్యి గాలిలో ఒక క్షణం ఆగి, మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది.

“ఆగండి. తిప్పుతుంటే బిగుస్తోందా, వదులవుతోందా?”

“బిగు... అయ్యో, అటు తిప్పాలండీ!”

“ఎలా తెలిసింది?”

“చెయ్యి చెప్పింది” అన్నాడు కుర్రాడు ఆశ్చర్యంగా.

మూడు నిమిషాల పనికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఒక్క పనిముట్టూ ఆమె ముట్టుకోలేదు. మధ్యలో ఉన్న అధికారి కళ్ళజోడు తీసి పక్కాయనతో ఏదో అన్నాడు. పక్కాయన తలూపాడు. ఆమె కిటికీ వైపు తిరిగి ఎవరికీ కనపడకుండా బొటనవేలు ఎత్తింది.

బయటికొచ్చేసరికి వాన. ఇద్దరూ పరుగెత్తి బస్సెక్కారు. ఆ రోజు డ్రైవరమ్మకి సాయంత్రం డ్యూటీ. కూతురి ముఖం చూడగానే ఆవిడకి ఫలితం తెలిసిపోయింది. కళ్ళు తుడుచుకుని గేరు వేసింది.

అతను కిటికీ పక్కకి జరిగాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి ఆ పక్కనే కూర్చుంది. అద్దం మీద వాన గీతలు గీతలుగా జారుతోంది. ఆమె మోచెయ్యి అతని మోచేతికి తగిలింది. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

“కోపం పోయిందా?”

“సగం.”

“మిగతా సగం పోవాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?”

“ఎందుకు, తొందరేమైనా ఉందా?”

“ఉంది. వచ్చే నెల నన్ను చేపల పెంపకం పుస్తకానికి వేస్తున్నారు. ఇక్కడికి రావడానికి నాకింక పనేమీ ఉండదు. పని లేకపోయినా వస్తాను. రోజూ వస్తాను. మీరంటే నాకు ఇష్టం. ఇది ప్రశ్న కాదు. జవాబు.”

ఆమె తల వంచుకుని గోళ్ళలోని గ్రీజు చూసుకుంది. తర్వాత అతని చేతిలో చెయ్యి పెట్టి చాలా మెల్లగా ఏదో అంది.

ముందు సీట్లోంచి గొంతు వినిపించింది. “కాస్త గట్టిగా మాట్లాడవే. వైపర్ చప్పుడికి ఇక్కడ ఏమీ వినపడి చావట్లేదు.”

“అమ్మా! రోడ్డు చూడు!”

“రోడ్డు మీద ఎర్ర లైటే ఉంది. ఏమన్నావు?”

“చేపల గురించి నాకేమీ తెలియదు, రోజూ వచ్చి చెప్పమన్నాను” అంది కూతురు గట్టిగా. బస్సులో మిగిలిన నలుగురు ప్రయాణికులూ తిరిగి చూశారు. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి, చెయ్యి మాత్రం అతని చేతిలోనే ఉంది.

నలుగురూ ఒక్కొక్కరే దిగిపోయారు. అతను ఉలిక్కిపడి కిటికీలోంచి చూశాడు.

“అయ్యో, నా స్టాప్ ఎప్పుడో దాటిపోయింది!”

“బెల్లు కొట్టనివాళ్ళ కోసం నేను ఆపను” అంది డ్రైవరమ్మ. బస్సుని ఆఖరి స్టాప్‌లో నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, అద్దంలో ఇద్దర్నీ తృప్తిగా చూసుకుంది. “ఎదురుగా కనిపించేదే మా ఇల్లు. భోంచేసి వెళ్దువుగాని, దిగు నాయనా.”