దారి మధ్యలో సంచి

"ఈ బూట్లతో నిన్ను అడవిలోకి రానివ్వను," అన్నాడు రోవన్, చేతిలో బ్రష్షుతో, వినయంగానే.

"బూట్లతో సరిపెడతావా, మొహం కూడా తోముతావా?" అంది మిరెల్లా.

బూటు అడుగున అంటుకొచ్చే తెగులు సోకిన పరాయి మట్టి పిడికెడు చాలు, ఆ అడవిలోని జర్రా చెట్ల వేళ్ళు కుళ్ళిపోవడానికి. అందుకే నడక క్లబ్బులో ఎవరైనా సరే బూట్లు తోమి, వాటి మీద స్పిరిట్ చల్లుకుని గాని గేటు దాటరు. మిరెల్లా చేత రోవన్ మూడుసార్లు తోమించాడు. మూడోసారి అవసరం లేదు. ఆమె ఇంకాసేపు అక్కడే ఉంటే బాగుండుననిపించింది, అంతే.

అది మే నెల మాట. ఇప్పుడు సెప్టెంబరు. బ్లాక్‌వుడ్ నది పొడుగునా పూలు విరగబూశాయి. ఈ నాలుగు నెలల్లో రోవన్ ఆమెతో మట్టి గురించి మాట్లాడాడు, పూల గురించి మాట్లాడాడు. అసలు మాట మాత్రం గొంతు దాటలేదు. బుధవారం ఆమె కునునుర్రా అనే ఊరికి వెళ్ళిపోతోంది, అక్కడి బళ్ళో టీచరుగా. మూడువేల కిలోమీటర్ల పైచిలుకు. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పేదెప్పుడు?

చెప్పే వీలు మాత్రం ఎక్కడుంది? క్లబ్బులో అతనిది తోక ఉద్యోగం. అందరికంటే వెనక నడవాలి, ఎవరినీ దాటకూడదు, ఎవరినీ వదిలి రాకూడదు. ముందు నడిచే డాట్‌కి డెబ్బై రెండేళ్ళు. మలుపు మలుపుకీ తలలు లెక్కపెడుతుంది. పన్నెండు తలలూ సరిపోయినా ఆమెకు నమ్మకం కుదరదు.

భోజనాల దగ్గర డాట్ అతని చేతిలో కర్రీ పొడి కలిపిన గుడ్డు శాండ్‌విచ్ పెట్టి, గొంతు తగ్గించింది. "ఏం నాయనా, ఆ పిల్లతో ఏమైనా చెప్పావా?"

"గాడిదచెవుల ఆర్కిడ్ పువ్వు చూపించాను, డాట్."

"గాడిదచెవులు ఆ పిల్లకి రోజూ కనిపిస్తూనే ఉన్నాయిలే."

మళ్ళీ నడక మొదలైంది. రెండో మలుపు తిరిగేసరికి దారి మధ్యలో మిరెల్లా సంచి ఒంటరిగా కూర్చుని ఉంది.

రోవన్ టక్కున ఆగి, నదివైపు వీపు తిప్పేశాడు. నడిచేవాళ్ళలో ఇదొక మర్యాద. దారిలో సంచి కనబడిందంటే దాని మనిషి పొదల చాటుకి వెళ్ళినట్టు. తోకవాడు అటు చూడకూడదు, పిలవకూడదు, ఆగాలి.

పది నిమిషాలు ఆగాడు. పూలన్నీ రెండేసిసార్లు చూశాడు. ఇరవై నిమిషాలయ్యాయి. మిరెల్లా కూడా తిన్న గుడ్డు శాండ్‌విచ్ మీద అనుమానం వచ్చింది. పాపం, అనుకున్నాడు.

"రోవన్," అని సన్నగా వినబడింది.

"నేను చూడటం లేదు," అని గట్టిగా చెప్పి, ఇంకో పది అడుగులు దూరం జరిగాడు. "తొందరేం లేదు, నిదానంగా కానివ్వు."

"ఇటు రా."

రోవన్ చెవులు ఎర్రబడ్డాయి. "టాయిలెట్ కాగితం కావాలా? నా దగ్గరుంది. దొర్లిస్తాను."

కళ్ళు మూసుకుని కాగితం చుట్ట వాలులోకి దొర్లించాడు. తర్వాత, ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది.

"నాకు కాగితం వద్దయ్యా. మనిషి కావాలి. బురదలో దిగబడ్డాను."

అతను పరుగెత్తాడు. మోకాళ్ళ దాకా ఒండ్రులో మిరెల్లా నిలబడి ఉంది, తల మీద విప్పుకున్న కాగితం చుట్ట పూలదండలా వేలాడుతోంది. చేతులు పట్టుకుని లాగాడు. రెండో గుంజుకి ఆమె వచ్చింది, ఎడమకాలి బూటు రాలేదు. ఇద్దరూ గడ్డిలో వెల్లకిలా పడ్డారు.

"ముందే పిలవచ్చుగా," అన్నాడు రొప్పుతూ.

"పిలిచాను. పిలిచినకొద్దీ నువ్వు పెర్త్ నగరం వైపు నడుస్తున్నావు."

"అసలు ఇక్కడికెందుకు దిగావు?"

మిరెల్లా సాక్సు మీది బురద గీక్కుంటూ కూర్చుంది. "సాలీడు ఆర్కిడ్ కోసం అని చెబుదామనుకున్నాను. అబద్ధం. దారిలో సంచి పెడితే నువ్వొక్కడివే ఆగుతావు కదా. రెండు నిమిషాలు దాక్కుని, వచ్చి అడుగుదామనుకున్నాను. కాలు జారింది."

"ఏమడుగుదామని?"

"నాలుగు నెలలుగా నా బూట్లే చూస్తున్నావు. పైన కూడా ఒక మనిషి ఉందని ఎప్పుడైనా అనిపించిందా అని."

రోవన్ పొద్దుటి నుంచి కూడబలుక్కున్న వాక్యం ఎటో పోయింది. "నువ్వు వెళ్ళకు," అన్నాడు. మరుక్షణమే తల అడ్డంగా ఊపాడు. "కాదు. వెళ్ళు. పిల్లలు ఎదురుచూస్తుంటారు. వెళ్ళినా నా దానివిగా ఉండు. నేనంటే నీకు..."

"ఇష్టం లేకపోతే బురదలోకి దూకుతానా?"

పైనుంచి డాట్ గొంతు వినబడింది. "పది తలలే ఉన్నాయి. మిగతా రెండూ బతికే ఉన్నాయా?"

"ఉన్నాయి, డాట్."

"చెప్పేశావా?"

"చెప్పేశాడు," అంది మిరెల్లా.

"అమ్మయ్య. ఇంటికెళ్ళే బస్సుని నేను ఆపుతాలే." ఆమె అడుగుల చప్పుడు దూరమైంది.

మిరెల్లా అతని భుజం పట్టుకుని ఒంటికాలి మీద లేచింది. ఉన్నట్టుండి ఆమె గొంతు మారింది. "బుధవారం ఎయిర్‌పోర్టుకి వస్తావా?"

"వస్తాను."

"నవ్వుతూ సాగనంపకు. బాగా ఏడు. నేను చూడాలి. తర్వాత శుక్రవారం విమానంలో వచ్చెయ్, శని ఆదివారాలు ఉందువుగాని."

రోవన్ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు.

"శుక్రవారం కుదరదు," అన్నాడు. "గురువారం వస్తాను."